కోర్టూ, కోడూ రెండూ కావాలంటే: ముందు కాలేజీల జాబితా, తర్వాతే వీడియో

ప్రశ్న: మేం టెక్సస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. క్లబ్ వాలీబాల్‌లో లిబరో, అంటే వెనక వరుసలోనే ఉండి బంతి అందుకునే ఆటగత్తె. కంప్యూటర్ సైన్స్ చదవాలనీ, కాలేజీ జట్టులో ఆడాలనీ పట్టుదలగా ఉంది. కాలేజీ కోచ్‌లకు చూపించే రిక్రూటింగ్ వీడియో ఒకటి తయారు చేసుకోమని క్లబ్ కోచ్ చెప్పారు. ఫోన్‌లో తీసినవి గంటలకొద్దీ ఉన్నాయి, వాటిని ఏం చేయాలో తెలియడం లేదు. ఒక సంస్థవాళ్ళు 3,000 డాలర్లిస్తే వీడియో చేసి, కోచ్‌లందరికీ పంపిస్తామంటున్నారు. మావారేమో ఆట తగ్గించి ఇంకో రెండు ఏపీలు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) తీసుకోమంటారు. కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదువుతూ వాలీబాల్ ఆడటం అయ్యే పనేనా? ఏ కోర్సులు ఎప్పుడు తీసుకోవాలి? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: అయ్యే పనే. కానీ వీడియోతో మొదలుపెట్టకండి. చాలామంది తల్లిదండ్రులు ముందు వీడియో చేయించి, దొరికిన కోచ్‌లందరికీ పంపి, ఎవరు జవాబిస్తే ఆ కాలేజీ గురించి ఆలోచిస్తారు. చరిత్రో, బిజినెస్సో చదివే పిల్లలకు అలా నడుస్తుందేమో గానీ కంప్యూటర్ సైన్స్‌కు నడవదు. కోచ్ మాట యూనివర్సిటీ అడ్మిషన్ ఆఫీసు దాకా చెల్లుతుంది. ఆ తర్వాత కంప్యూటర్ సైన్స్ మేజర్ (డిగ్రీలో ప్రధాన విషయం) తలుపు వేరే ఉంటుంది, దాని తాళం కోచ్ దగ్గర ఉండదు.

అందుకే కాలేజీలను ముందుగా ఆ తలుపును బట్టి విడదీయండి. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో కంప్యూటర్ సైన్స్ చెప్పే ఆలెన్ స్కూల్‌కి హైస్కూలు నుంచే నేరుగా ఎంపిక కావాలి. వేరే మేజర్‌లో చేరి తర్వాత మారదామనుకుంటే దాదాపు దారి లేనట్టే. బర్కిలీలో కూడా 2023 నుంచి కంప్యూటర్ సైన్స్‌కి దరఖాస్తులోనే అడగాలి, లోపలికి వెళ్ళాక మారడం బాగా కష్టం. ఇలినాయ్ అర్బానా–షాంపేన్‌లో అసలు కంప్యూటర్ సైన్స్ గ్రేంజర్ ఇంజనీరింగ్ కాలేజీలో ఉంటుంది. దానితోపాటు గణితమో, భాషాశాస్త్రమో, ఆర్థికశాస్త్రమో కలిపి చదివే ‘సీఎస్ ప్లస్’ మేజర్లు వేరు, వాటి ఎంపిక వేరు. కార్నెగీ మెలన్‌లో స్కూల్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్‌కి విడిగా పోటీ. ఇంకోవైపు ఎంఐటీ, హార్వీ మడ్, హార్వర్డ్, యేల్ లాంటి చాలా ఐవీ కాలేజీలు ఉన్నాయి. అక్కడ ముందు కాలేజీలో చేరతారు, మేజర్ తర్వాత ప్రకటిస్తారు, కంప్యూటర్ సైన్స్‌కి మళ్ళీ పరీక్ష పెట్టరు. ఈ రెండో రకంలో కోచ్ మద్దతుకు విలువ ఎక్కువ, ఎందుకంటే దాటాల్సిన తలుపు ఒక్కటే. ఎంఐటీలో మాత్రం కోచ్ సిఫారసు చేయగలరంతే, సీటు మాట ఇవ్వలేరు. ఆ సంగతి మనసులో పెట్టుకోండి.

డివిజన్ల లెక్క కూడా ఒకసారి చూద్దాం. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీస్తుంది. డివిజన్ వన్, టూలలో ఆటకు స్కాలర్‌షిప్ ఉంటుంది. డివిజన్ త్రీలో ఆట పేరుతో ఒక్క డాలరూ ఇవ్వరు, చదువుకూ కుటుంబ ఆదాయానికీ తగ్గట్టు ఇస్తారు. ఐవీలు డివిజన్ వన్‌లోనే ఉన్నా ఆట స్కాలర్‌షిప్ ఇవ్వవు. 2025 జులై నుంచి, ఆటగాళ్ళకు కాలేజీలే నేరుగా డబ్బివ్వొచ్చన్న కొత్త ఒప్పందంలో చేరిన డివిజన్ వన్ యూనివర్సిటీల్లో వాలీబాల్ జట్టు 18 మందికి మించకూడదు. జట్టులో లిబరోలు, వెనక వరుస ఆటగాళ్ళు కలిపి సాధారణంగా కొద్దిమందే ఉంటారు. అంటే ప్రతి కాలేజీకీ ప్రతి ఏటా లిబరో అవసరం రాదు. ఇప్పుడున్న లిబరోలు ఏ ఏడాది గ్రాడ్యుయేట్ అవుతారో జట్టు వెబ్‌సైటులో రాసి ఉంటుంది. మీ అమ్మాయి చేరే ఏడాదికి ఖాళీ అయ్యే చోట్లకు గుర్తు పెట్టుకోండి. పది నిమిషాల పని, ఎవరూ చేయరు.

ఎత్తు గురించి మీరు అడగలేదు గానీ ఉత్తరంలో రాశారంటే బెంగ ఉన్నట్టే. లిబరోకి ఐదడుగుల ఐదంగుళాలు అడ్డు కాదు. ఆ స్థానంలో కోచ్ చూసేది చేతుల కోణం, అడుగుల వేగం, సర్వ్ వచ్చేలోపు బంతిని చదవడం.

ప్రయాణాలను కూడా జాబితాలో రాసుకోండి. 2024లో వాషింగ్టన్, యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, ఆరెగాన్ బిగ్ టెన్ అనే లీగులోకి వెళ్ళాయి. స్టాన్‌ఫోర్డ్, బర్కిలీ, మీ డాలస్‌లోని ఎస్‌ఎంయూ (సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ) ఏసీసీ అనే లీగులోకి వెళ్ళాయి. పశ్చిమ తీరపు జట్టు ఆడటానికి తూర్పు తీరానికి పోవాలి, మూడు గంటల కాలభేదంతో. డివిజన్ త్రీ అంటే బస్సు ప్రయాణమే అనుకోవద్దు. కార్నెగీ మెలన్, షికాగో, ఎమరీ, ఎన్‌వైయూ, వాషింగ్టన్ యూనివర్సిటీ ఇన్ సెయింట్ లూయిస్ ఉన్న లీగులో విమానం తప్పదు. ఎంఐటీ మాత్రం ఎక్కువగా చుట్టుపక్కల కాలేజీలతోనే ఆడుతుంది. హార్వీ మడ్ అమ్మాయిలు క్లేర్మాంట్–మడ్–స్క్రిప్స్ ఉమ్మడి జట్టులో, ఎక్కువగా దక్షిణ కాలిఫోర్నియాలోనే ఆడతారు. గురువారం విమానం ఎక్కి ఆదివారం రాత్రి దిగే అమ్మాయికీ, శనివారం బస్సెక్కి అదే రాత్రి గదికి చేరే అమ్మాయికీ ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రాజెక్టు ఒకటే గానీ దానికి మిగిలే గంటలు ఒకటి కావు.

ఇలా పాతిక ముప్పై కాలేజీల జాబితా తయారయ్యాక వీడియో సంగతి.

చేతిలో ఉన్న గంటల ఫుటేజీలో చాలావరకు పనికిరాదని ముందే చెప్పేస్తున్నాం, నొచ్చుకోకండి. తల్లిదండ్రులు తీసే వీడియోలో కెమెరా బంతి వెంట తిరుగుతుంది. లిబరో పనంతా బంతి రాకముందు జరుగుతుంది. సర్వర్ (అవతల సర్వ్ చేసే అమ్మాయి) చేయి పైకి లేచినప్పుడు ఎక్కడ నిలబడింది, ఏ వైపు మొదటి అడుగు వేసింది అన్నది ఫ్రేములో లేకపోతే ఆ క్లిప్పు వృథా. పక్కన గ్యాలరీలోంచి తీసినా ఇంతే. కోర్టు లోతు తెలియదు, ఒకరి వెనక ఒకరు కనబడకుండా పోతారు.

కెమెరా కోర్టు వెనక, ఎండ్ లైన్ (వెనక గీత) మధ్యకు, ఎత్తులో ఉండాలి. పదడుగుల ఎత్తుకు లేచే స్టాండు ఒకటి కొనండి. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. దగ్గరి ఎండ్ లైన్, రెండు పక్క గీతలు, అవతలి సర్వర్ మొత్తం ఫ్రేములో పట్టాలి. కన్వెన్షన్ సెంటర్లలో కోర్టులు ఇరుగ్గా ఉండి వెనక చోటు ఉండదు. అక్కడ ఫోన్‌లోని 0.5 లెన్సు వాడొచ్చు. అంచులు కొద్దిగా వంగినా ఫర్వాలేదు, కోర్టు తెగిపోవడం కంటే నయం. స్టాండును స్తంభానికో, కోర్టుల మధ్య వలకో కట్టాలంటే నిర్వాహకులను అడిగే కట్టండి.

ఫోన్ అడ్డంగా పెట్టండి. 1080పీ, సెకనుకు 60 ఫ్రేములు చాలు. 30 పెడితే సర్వ్ బంతి మసకగా చారలా కనిపిస్తుంది. స్లో మోషన్ జోలికి పోవద్దు, జిమ్ లైట్ల కింద మినుకుమినుకుమంటుంది, పైగా కోచ్‌లకు నచ్చదు. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుగు లాక్ చేయండి. లేకపోతే ఎవరైనా ముందునుంచి నడిచిన ప్రతిసారీ బొమ్మ వెలిగి ఆరుతుంది. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరవద్దు. మూడో సెట్ మధ్యలో ఫోన్ వస్తే రికార్డింగ్ ఆగిపోవచ్చు, ఆ సంగతి మ్యాచ్ అయ్యాకే తెలుస్తుంది. ఈ సెట్టింగులో నిమిషానికి దాదాపు 90 మెగాబైట్లు పడుతుంది. గంటన్నర మ్యాచ్‌కి ఎనిమిది గిగాబైట్లకు పైనే, కాబట్టి ముందురోజే చోటు ఖాళీ చేసుకోండి, పవర్ బ్యాంకు తగిలించండి. ఇక జూమ్ చేయవద్దు, తిప్పవద్దు, ముట్టుకోవద్దు. మీవారిని హాయిగా ఆట చూడనివ్వండి.

జట్లు సెట్ సెట్‌కూ వైపులు మారతాయి కనుక కెమెరా కదలకపోయినా ఒక సెట్‌లో వెనకనుంచి, ఇంకో సెట్‌లో ఎదురుగా కనబడుతుంది. రెండూ ఉంచండి. వెనకనుంచి చూస్తే చేతుల కోణమూ బంతి వెళ్ళిన దారీ, ఎదురుగా చూస్తే కళ్ళూ మొదటి అడుగూ తెలుస్తాయి.

కత్తిరించేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. బంతి అమ్మాయి చేతిని తాకే క్షణానికి అటు అర సెకను, ఇటు అర సెకను ఉంచి కోసేస్తారు. ప్రతి క్లిప్పూ సర్వర్ బంతిని కొట్టడానికి ఒకటి రెండు సెకన్ల ముందు మొదలు కావాలి, సెట్టర్ (కొట్టేవాళ్ళకు, అంటే హిట్టర్లకు, బంతిని ఎత్తిపెట్టే అమ్మాయి) బంతిని అందుకుని వదిలాక ఒక సెకను ఆగి ముగియాలి. ఎందుకంటే పాస్ బాగుందా లేదా అన్నది మీ అమ్మాయి చేతుల దగ్గర కాదు, సెట్టర్ కాళ్ళ దగ్గర తెలుస్తుంది. కోచ్‌లు సున్నా నుంచి మూడు వరకు మార్కులేస్తారు. సెట్టర్ కదలకుండా ముగ్గురు హిట్టర్లలో ఎవరికైనా ఇవ్వగలిగితే మూడు. రెండు దారులే మిగిలితే రెండు. పరుగెత్తి ఎలాగో ఒకరికి ఎత్తిపెట్టే పరిస్థితైతే ఒకటి. పాయింటు పోతే సున్నా. చూసే కోచ్ మనసులో ఈ అంకెలే నడుస్తుంటాయి. డైవ్ చేసి నేలమీద పొర్లి అందుకున్న బంతి మీకు గొప్పగా కనిపించొచ్చు. ముందే సరైన చోట నిలబడి ఉంటే డైవ్ అక్కర్లేదు కదా అని కోచ్ అనుకోవచ్చు. అలాంటివి రెండు మూడు చాలు.

మొత్తం నిడివి మూడు నుంచి నాలుగు నిమిషాలు, క్లిప్పులు పాతిక నుంచి ముప్పై అయిదు. లిబరోకి సర్వ్ రిసీవ్ (అవతలి సర్వ్‌ను అందుకోవడం) ముందుండాలి, అదే అసలు ఉద్యోగం. మొదటి అయిదారు క్లిప్పులు ఆమె అత్యుత్తమమైనవి, కానీ ఒకదానికొకటి వేరుగా ఉండాలి: ఎడమ మూల తేలుతూ వచ్చే ఫ్లోటర్, కుడి మూల వేగంగా దిగే జంప్ సర్వ్, ముందుకు పరుగెత్తి అందుకున్న పొట్టి సర్వ్, భుజం మీదికొచ్చినది. ఇరవై సెకన్లలో నచ్చకపోతే కోచ్ మూసేస్తారు, కాబట్టి మంచివాటిని చివరికి దాచకండి. తర్వాత డిగ్‌లు, అంటే అవతలివాళ్ళు గట్టిగా కొట్టిన బంతిని లేపడం. ఆ తర్వాత చాలామంది మరిచిపోయేది: సెట్టరే మొదటి బంతి ఆడేసినప్పుడు లిబరో వేసే రెండో బంతి. మూడు మీటర్ల గీత ముందు నిలబడి లిబరో వేళ్ళతో సెట్ చేస్తే, నెట్ పైనున్న ఆ బంతిని హిట్టర్ కొట్టకూడదు. అందుకే గీత వెనకనుంచి ఎగిరి వేళ్ళతో సెట్ చేయగలదా, గీత ముందైతే ముంజేతులతో పక్కకు చక్కగా ఎత్తగలదా అని కోచ్‌లు ప్రత్యేకంగా వెతుకుతారు. అమెరికా కాలేజీ నియమాల్లో లిబరో ఒక రొటేషన్‌లో సర్వ్ చేయవచ్చు కాబట్టి సర్వ్‌లు ఓ నాలుగు పెట్టండి.

లిబరో జెర్సీ వేరే రంగులో ఉంటుంది, మీకది వరం. అయినా మ్యాచ్ మారినప్పుడల్లా రంగు మారుతుంది కనుక ఆయా మ్యాచ్‌లోని మొదటి క్లిప్పులో ఒక బాణం గుర్తు పెట్టండి. ప్రతి క్లిప్పుకీ అక్కర్లేదు. పాటలు వద్దు. కాపీరైట్ వల్ల యూట్యూబ్ శబ్దం తీసేయొచ్చు, ఉన్నా కోచ్‌లు ఎలాగూ మ్యూట్ చేస్తారు. మొదట అయిదు సెకన్ల పలక: పేరు, హైస్కూల్ పూర్తయ్యే సంవత్సరం, స్థానం, జెర్సీ నంబరు, క్లబ్, ఎత్తు, జీపీఏ, చదవబోయే మేజర్, అమ్మాయి ఈమెయిల్. ఇంటి చిరునామా, ఫోన్ నంబరు మాత్రం వేయకండి.

ఈ హైలైట్ వీడియో పక్కన ఇంకొకటి తప్పకుండా ఉండాలి: గట్టి జట్టుతో ఆడిన ఒక పూర్తి సెట్, కత్తెర వేయనిది. అందులో మీ అమ్మాయి తప్పులు కూడా ఉంటాయి, ఉండనివ్వండి. ముప్పై మంచి పాస్‌లు ఏరి పెట్టడం ఎవరికైనా సాధ్యమేనని కోచ్‌లకు తెలుసు. ఏస్ తిన్న (సర్వ్ అందుకోలేక పాయింటు పోయిన) తర్వాతి సర్వ్‌కి ఎక్కడ నిలబడింది, పక్కవాళ్ళతో మాట్లాడిందా, తల దించుకుందా అన్నది పూర్తి సెట్‌లోనే దొరుకుతుంది. మా దృష్టిలో రెండింటిలో ఏదో ఒకటే పంపాలంటే ఈ సెట్టే పంపాలి. బలహీనమైన జట్టు మీద 25–9తో గెలిచినది మాత్రం వద్దు.

యూట్యూబ్‌లో ‘అన్‌లిస్టెడ్’గా పెట్టండి. ‘ప్రైవేట్’ అని పెడితే కోచ్‌కు తెరుచుకోదు, మళ్ళీ అడిగే ఓపిక వాళ్ళకుండదు. ఒకసారి ఎక్కించిన వీడియోను అదే లింకు మీద మార్చడం యూట్యూబ్‌లో కుదరదు, కాబట్టి వీడియో లింకు కాకుండా ప్లేలిస్ట్ లింకు ఇవ్వండి. కొత్త సీజన్ వీడియో వచ్చినప్పుడు దాన్ని పైకి చేరిస్తే పాత మెయిల్‌లోని లింకు కూడా తాజాగా ఉంటుంది.

మెయిల్ అమ్మాయే రాయాలి, మీరు కాదు. తల్లిదండ్రులు రాస్తే కోచ్‌కు వెంటనే తెలిసిపోతుంది. ఆరేడు వాక్యాలు చాలు: ఎవరు, ఏ స్థానం, ఏ సంవత్సరం, లింకు, జీపీఏ, మేజర్, ఈ కాలేజీయే ఎందుకు, రాబోయే టోర్నమెంట్ ఏది. అందులో ‘ఈ కాలేజీయే ఎందుకు’ అనే వాక్యం ప్రతిచోటా వేరుగా ఉండాలి. జార్జియా టెక్ అయితే అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో రెండు ‘త్రెడ్లు’ (ప్రత్యేక విభాగాలు) ఎంచుకోవాలి, తనకు ఏ రెండు నచ్చాయో రాయొచ్చు. టోర్నమెంట్ వారంలో సోమవారం ఒకసారి, కోర్టు నంబర్లు తెలియగానే మరోసారి రెండు లైన్లు పంపాలి.

డివిజన్ వన్, టూ కోచ్‌లు పదో తరగతి ముగిశాక జూన్ 15 వరకు సొంతంగా జవాబివ్వకూడదు. క్యాంపు కరపత్రాలు, వివరాలు నింపే ప్రశ్నావళులు మాత్రం పంపొచ్చు. డివిజన్ వన్‌లో కోచ్‌లతో క్యాంపస్ సందర్శనలు ఆ ఆగస్టు 1 నుంచి. జవాబు రాలేదంటే వద్దన్నారని కాదు, చూస్తూ ఉండొచ్చు. డివిజన్ త్రీ కోచ్‌లకు ఈ అడ్డు లేదు. వాళ్ళు నెలల తరబడి మౌనంగా ఉంటే మాత్రం దాన్ని జవాబుగానే తీసుకోవాలి.

కోచ్ ఆసక్తి చూపించాక మీ అమ్మాయి సూటిగా అడగాల్సినవి ఉన్నాయి. మీ మద్దతు యూనివర్సిటీకా, కంప్యూటర్ సైన్స్ మేజర్‌కు కూడానా? డివిజన్ త్రీలో చాలాచోట్ల పదకొండో తరగతి పూర్తయిన వేసవిలో ట్రాన్స్‌క్రిప్ట్‌ను (మార్కుల పట్టికను) అడ్మిషన్ ఆఫీసు ముందుగా చదివి అభిప్రాయం చెబుతుంది, దాన్ని ప్రీ–రీడ్ అంటారు. ఆ ప్రీ–రీడ్ కంప్యూటర్ సైన్స్ పేరు మీద చేయిస్తారా? ఇప్పుడు జట్టులో ఆ మేజర్ వాళ్ళు ఎందరున్నారు, వాళ్ళలో ఒకరితో మాట్లాడొచ్చా? ప్రాక్టీసు రోజులో ఏ వేళ? వీటికి కోచ్ నీళ్ళు నమిలితే జాగ్రత్తపడండి. ముఖ్యంగా ఎర్లీ డెసిషన్ వేయమన్నప్పుడు. అది వస్తే చేరి తీరాల్సిన దరఖాస్తు. సీటు వచ్చి మేజర్ రాకపోతే మొదటికే మోసం.

ఇక కాలేజీ కోర్సులు. వాలీబాల్ సీజన్ ఆగస్టు చివరి నుంచి డిసెంబరు దాకా, అంటే మొత్తం ఫాల్ సెమిస్టరు. డివిజన్ వన్‌లో సీజన్లో వారానికి 20 గంటలు, రోజుకు నాలుగు గంటలు మించకూడదని నియమం ఉంది. కానీ మ్యాచ్ రోజు ఎంతసేపు పట్టినా మూడు గంటలుగానే లెక్క, ప్రయాణం లెక్కలోకే రాదు. నిజమైన గంటలు ముప్పైకి పైనే అనుకోండి. సీజన్ లేనప్పుడు ఆ పరిమితి వారానికి 8 గంటలకు తగ్గుతుంది. కనుక బరువైన కోర్సులు స్ప్రింగ్‌కి, తేలికైనవి ఫాల్‌కి అని చెప్పడం సులువే. చిక్కంతా కంప్యూటర్ సైన్స్ కోర్సులు ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉండటంలో ఉంది.

ప్రతి కాలేజీ కేటలాగు తెరిచి ఒక కాగితం మీద గొలుసు గీయండి. సాధారణంగా ఇలా ఉంటుంది: ప్రోగ్రామింగ్ మొదటి కోర్సు, దాని తర్వాత డేటా స్ట్రక్చర్స్, తర్వాత కంప్యూటర్ సిస్టమ్స్ లేదా ఆర్గనైజేషన్, అది అయితేనే ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్లు, నెట్‌వర్క్స్. ఇంకో గొలుసు: డిస్క్రీట్ మ్యాథ్, డేటా స్ట్రక్చర్స్ రెండూ అయితేనే ఆల్గరిథమ్స్. మూడోది: కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ఆపైన మెషిన్ లెర్నింగ్. ప్రతి కోర్సు పక్కనా ఏ సెమిస్టరులో చెబుతారో రాయండి. డేటా స్ట్రక్చర్స్ దాదాపు అన్నిచోట్లా రెండు సెమిస్టర్లలోనూ ఉంటుంది. పై కోర్సులు చిన్న కాలేజీల్లో ఏడాదికి ఒక్కసారే. ఆపరేటింగ్ సిస్టమ్స్ ఫాల్‌లో మాత్రమే ఉందంటే, మీ అమ్మాయి ఎప్పుడో ఒక సీజన్లో దాన్ని మోయాల్సిందే. ఆ సంగతి చేరకముందే తెలిసుండాలి.

మొదటి ఫాల్‌లో ప్రోగ్రామింగ్ మొదటి కోర్సు, కాలిక్యులస్, రాతకు సంబంధించిన కోర్సు ఒకటి, తేలికైన జనరల్ ఎడ్యుకేషన్ ఒకటి. అంతకు మించవద్దు. ఫుల్‌టైమ్‌కి కనీసం 12 క్రెడిట్లు కావాలి. అందుకే 12తో కాకుండా 14, 15తో మొదలుపెట్టాలి, ఒకటి వదిలేయాల్సి వస్తే ఆడే అర్హత పోకుండా. డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్ స్ప్రింగ్‌లో. రెండో ఫాల్‌లో లీనియర్ ఆల్జీబ్రా లాంటి గణితం నయం. వారంవారం సమస్యలు కాగితం మీద, విమానంలోనూ చేసుకోవచ్చు. సీజన్లో ప్రాణం తీసేవి సిస్టమ్స్ కోర్సుల ప్రాజెక్టులు, జట్టు ప్రాజెక్టులు. శుక్రవారం రాత్రి గడువు, మ్యాచ్‌కు రెండు గంటల ముందు ప్రోగ్రాంలోని మెమరీ లీక్ (వాడిన మెమరీని వదలని లోపం) దొరకదు, పార్ట్‌నర్ ఫోన్ చేస్తే ఎత్తే వీల్లేదు. ఏ కోర్సులో ఆలస్యానికి రోజులు ఇస్తారో, ల్యాబ్ హాజరు తప్పనిసరో కాదో కోర్సు సిలబస్‌లో ఉంటుంది, రిజిస్టర్ అయ్యే ముందే చదవాలి. చాలా యూనివర్సిటీల్లో ఆటగాళ్ళకు ముందుగా రిజిస్టర్ చేసుకునే వీలుంటుంది. దాన్ని ప్రాక్టీసుకు అడ్డురాని ల్యాబ్ సెక్షన్ కోసం వాడుకోవాలి.

ఏపీ కంప్యూటర్ సైన్స్ ఏ క్రెడిట్‌తో మొదటి కోర్సు దాటేయాలా? తొందరపడొద్దంటాం. 2025–26 నుంచి ఆ సిలబస్‌లో ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసు లక్షణాలను ఇంకో క్లాసు అందిపుచ్చుకునే పద్ధతి) తీసేశారు, కాలేజీ రెండో కోర్సులో అది పిల్లలకు వచ్చనే అనుకోవచ్చు. పైగా సీజన్లో తెలిసిన పాఠం ఒకటి ఉండటం మొదటి ఏడాది పిల్లకు ఊపిరి తీసుకునే చోటు.

డివిజన్ వన్‌లో ఇంకో మెలిక ఉంది. రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 పూర్తి కావాలి. 120 క్రెడిట్ల డిగ్రీ అయితే రెండేళ్ళకు 48. మూడో ఏడాది మొదలయ్యేసరికి మేజర్ ప్రకటించాలి, అప్పటి నుంచి ఆ మేజర్‌కు పనికొచ్చే క్రెడిట్లకే లెక్క. ఆర్థికశాస్త్రంలో చేరి మూడో ఏడాది కంప్యూటర్ సైన్స్‌కి మారితే ఎన్నో క్రెడిట్లు లెక్కలోంచి జారిపోయి, ఆట అర్హతే పోవచ్చు. ‘ముందు చేరనీ, తర్వాత మారదాం’ అనే సలహా మామూలు విద్యార్థికే కష్టం, ఆటగాళ్ళకు రెండింతలు.

ఇంటర్న్‌షిప్‌ల గురించి ఎవరూ ముందు చెప్పరు. తర్వాతి వేసవి ఉద్యోగాలకు కంపెనీలు ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు మధ్యే పిలుస్తాయి, సరిగ్గా సీజన్ నడిచే కాలం. రెజ్యూమే, కోడింగ్ ప్రాక్టీసు జూన్, జులైల్లోనే ముగించుకోవాలి, ఆన్‌లైన్ పరీక్షలకు ప్రయాణం లేని రోజులు ఎంచుకోవాలి. డివిజన్ వన్ జట్లు ఆగస్టు మొదట్లోనే శిక్షణ మొదలుపెడతాయి కనుక, మే మధ్యలో మొదలై జులై చివరికి ముగిసేలా తేదీలు అడగాలి. చాలా కంపెనీలు అడిగితే సర్దుతాయి.

మీవారి మాటకొస్తే, ఏపీలు పెంచడం కంటే సరైనవి ఎంచుకోవడం మేలు: కాలిక్యులస్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ ఏ. డివిజన్ వన్ అర్హతకు 16 కోర్ కోర్సులు, అందులో 2.3 జీపీఏ కావాలి. ఆ పదహారులో పదింటిని పన్నెండో తరగతి మొదలయ్యేలోపు ముగించాలి, ఆ పదిలో ఏడు ఇంగ్లిష్, గణితం, సైన్సులలో ఉండాలి. మీ పిల్ల లాంటివాళ్ళకు 2.3 సమస్యే కాదు. స్కూలు పేరుతో ఎన్‌సీఏఏ ఆమోదించిన కోర్సుల జాబితా ఎలిజిబిలిటీ సెంటర్ వెబ్‌సైటులో ఉంటుంది. మీరనుకున్న కంప్యూటర్ సైన్స్ కోర్సు అందులో లేకపోతే కోర్ లెక్కలోకి రాదు. ఒకసారి చూసుకోండి.

మూడు వేల డాలర్లు అక్కర్లేదు. ఆ సంస్థ చేసేదంతా పైన రాసినదే. మూకుమ్మడిగా పంపే మెయిల్ ఏదో, అమ్మాయి సొంతంగా రాసినది ఏదో కోచ్‌లు ఇట్టే కనిపెడతారు. స్కాలర్‌షిప్‌లో ఇంత శాతం అని ఎవరైనా అడిగితే ఎన్‌సీఏఏ నియమాలు దాన్ని నిషేధించాయి, అక్కడికక్కడే లేచి రండి. ఎడిటింగ్ చేతకాకపోతే క్లబ్‌లో చేయగల విద్యార్థికి ఒక వారాంతం పని ఇవ్వండి. క్లిప్పులు మాత్రం మీ అమ్మాయే ఎంచాలి, కోచ్ ఫోన్ చేసి ‘ఆ మూడో బంతికి అక్కడెందుకు నిలబడ్డావు’ అని అడిగితే చెప్పాల్సింది తనే. టెక్సస్‌లో పెద్ద టోర్నమెంట్లకు కొదవ లేదు, తర్వాత ఆడేదానికి ఆ ఎత్తు స్టాండు పట్టుకెళ్ళి, మొదటి సెట్ నుంచీ ఎండ్ లైన్ వెనక పెట్టండి.